పైకి చదవని నాలుగు వాక్యాలు

కణేకల్,
12 జూన్ 2002

చిరంజీవి సరళకు,

ఆశీస్సులు. చేతి అలవాటు కొద్దీ ఆ మాట పడింది, అందులో ఎక్కువ అర్థం వెతకొద్దు. నువ్వు ఆ ఉద్యోగంలో చేరిన రోజున నీ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. రెండేళ్లయింది, ఒట్టు అలాగే ఉంది. అందుకే బస్సెక్కకుండా ఈ ఇన్లాండు కవరు కొన్నాను.

విషయానికి వస్తాను. మీ వదిన హనుమక్క తమ్ముడు తిప్పేష్ ఉన్నాడు కదా, వాడి భార్య చౌడేశ్వరి ఇల్లు వదిలి వెళ్లిపోయి పదిహేను రోజులైంది. ఏడేళ్ల కూతురు రేణుకను నిద్రలోనే వదిలేసి పోయింది. తిప్పేష్ కదిరి దగ్గర ఉన్న ఆమె పుట్టింటికి మూడుసార్లు పోయి వచ్చాడు, లేదు. బళ్లారిలో చిన్నమ్మ ఇంట్లోనూ లేదు. పోయిన సోమవారం ఆమెను కళ్యాణదుర్గం బస్టాండులో చూశామని వేరుశనగ విత్తనాలకు పోయినవాళ్లు చెప్పారు. మొగుళ్లను వదిలి వచ్చిన ఆడవాళ్లను దాచిపెట్టి అన్నం పెట్టే ఇల్లు కళ్యాణదుర్గంలో ఒక్కటే ఉంది. అందులో జీతం తీసుకునేది నా చెల్లెలు.

ఉందా, లేదా? ఒక్క మాట రాయి.

తిప్పేష్ తల్లి, మా అత్త రామలక్ష్మమ్మ రోజూ మా అరుగు మీద కూర్చుని "నీ చెల్లెలే దాచిపెట్టుకోనుంటాది, నాకు తెల్దా ఏమి" అంటోంది. మీ వదిన నాతో మాట్లాడటం మానేసింది. ఆమె మాట్లాడని రోజున మా ఇంట్లో సంగటి కూడా సరిగ్గా ఉడకదు.

మా ఇంట్లో ఉత్తరం వస్తే ఏం జరుగుతుందో నీకు తెలుసు. నేను అరుగు మీద కూర్చుని చదవాలి, ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లూ వినాలి. ఉన్నది ఉన్నట్టు, అక్షరం పోకుండా చదువుతానని ఈ వీధిలో నాకు పేరుంది. నీ జవాబు కూడా అలాగే చదువుతాను. చూసుకుని రాయి.

నీ అన్న,
ఓబులేష్


కళ్యాణదుర్గం,
18 జూన్ 2002

అన్నకు,

నమస్కారం. నా చేయి కూడా అలవాటు కొద్దీనే రాసింది.

మా దగ్గరికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరు వెళ్లిపోయారో నీకైనా సరే చెప్పను. ఉందని రాయను, లేదని రాయను. నువ్వు అడిగిన మనిషి ముఖం నేను జన్మలో చూడకపోయినా ఇదే ఉత్తరం రాసేదాన్ని. ఒక అన్నకు 'లేదు' అని చెబితే, ఇంకో అన్నకు ఏమీ చెప్పని రోజున అతనికి 'ఉంది' అని తెలిసిపోతుంది. అందుకే ఎవరికీ ఏమీ చెప్పం. ఇది నీకు అర్థం కాని సంగతి కాదు. పరీక్ష కాగితం ముందురోజు బీరువాలో పెట్టి తాళం వేసేది నువ్వే, కన్నకొడుకు అడిగినా ఇవ్వవు.

నా ఉద్యోగం నీకు నచ్చలేదు. ఇళ్లు కూల్చే పని అన్నావు ఆ రోజు. కూలిన ఇళ్లలోంచి మనుషులను బయటికి లాగే పని అని నేనన్నాను. రెండేళ్లలో మన ఇద్దరిలో ఎవరూ మారలేదు, సంతోషం.

ఎలాగూ అరుగు మీద చదువుతావు కాబట్టి అత్తకు కూడా ఒక వాక్యం. అత్తా, కోడలు ఎక్కడికి పోయిందని ఊళ్లన్నీ అడిగే ముందు, ఎందుకు పోయిందని ఇంట్లో ఒక్కసారి అడగండి.

సరళ


కణేకల్,
26 జూన్ 2002

సరళకు,

నీ ఉత్తరం చదివాను, అక్షరం పోకుండా. చివర్లో అత్తకు పంపిన వాక్యం కూడా చదివాను. ఆమె వక్కాకు ఉమ్మేసి, "చూస్తివా అప్పా, లేకపోతే లేదనదా? ఉండాది కాబట్టే ఇంత మాట్లాడతాండాది" అంది. చదువులేని ముసలమ్మకు తోచింది, నీ పుస్తకాలకు తోచలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు.

ఇంకో మాట కూడా అంది అత్త. తొమ్మిదేళ్ల కింద తిప్పేష్‌కు నిన్నిస్తామంటే, ఆ మనిషిని చేతిలో చర్నాకోల లేకుండా ఎప్పుడైనా చూశారా అని అడిగి, ఆ రాత్రికి రాత్రే అనంతపురం హాస్టలుకు పోయావు. నువ్వు కాదన్న ఇంటికి వచ్చిన పిల్ల సుఖంగా కాపురం చేయడం నీకు ఓర్వలేనిదైందని ఆమె అంటోంది. నేను కాదనలేకపోయాను. పరీక్ష కాగితం సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. నా కొడుకు రాసిన కాగితం నేను దిద్దకూడదు, ఇంకొకరికి ఇవ్వాలి. మీ దగ్గర ఆ పద్ధతి లేదా? సొంతవాళ్ల గొడవకు సొంతవాళ్లే తీర్పు చెప్పవచ్చా?

నాయన పోయినప్పుడు నీకు ఆరేళ్లు. అమ్మ కూలికి పోతే నీకు జడ వేసింది నేను. బడికి పోయే దారిలో మగపిల్లలు నన్ను చూసి నవ్వుతుంటే కూడా వేశాను. ఆ చేతులతో రాసిన ఉత్తరానికి నువ్వు సర్కారు ఆఫీసు జవాబు పంపావు.

రేణుక ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నా బడిలోనే, రెండో తరగతి. నెల కింద వాళ్లమ్మ వేసిన జడను ఎవరినీ విప్పనీయడం లేదు. పేలు పడ్డాయి. మీ వదిన దువ్వెన తీసుకుని దగ్గరికి పోతే చేయి కొరికింది.

ఈ సంగతన్నా చేరాల్సిన వాళ్లకు చేర్చు. అదీ నిషేధమైతే చెప్పు.

ఓబులేష్


కళ్యాణదుర్గం,
4 జులై 2002

ఓబులేష్ సారుకు,

నువ్వు కాపురం అన్నావు, సుఖంగా అని కూడా అన్నావు. ఆ రెండు మాటలూ చదివాక రెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. పట్టుకుంటే ఏం రాస్తానో నాకే భయమైంది. ఇప్పుడు రాస్తున్నాను.

తిప్పేష్‌ను కాదన్నందుకు నేను ఏనాడూ బాధపడలేదు. నేను కాదన్నానని ఇంకో ఇంటి పిల్లను ఆ చర్నాకోల కిందికి పంపారు కదా, దానికి బాధపడ్డాను. పెళ్లిచూపులకు పోయిన పెద్దమనుషుల్లో నువ్వు ముందు నిలబడ్డావు. బామ్మర్ది బంగారం అని చెప్పి వచ్చావు.

జడ వేసిన చేతుల సంగతి ఎత్తావు. ఆ చేతుల గురించే నేనూ చెబుతాను. పీర్ల పండగ మరునాడు తిప్పేష్ ఆమెను వేరుశనగ కాయలు పోసే గదిలోకి తోసి బయట గడియ పెట్టాడు. వాళ్ల అరుగు మీద నువ్వు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతూ కూర్చున్నావు. "అన్నా, గడియ తీయన్నా, గుక్కెడు నీళ్లియ్యన్నా" అని ఆమె లోపలి నుంచి నిన్ను పిలిచింది. నువ్వు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బజారుకు పోయావు.

బామ్మర్ది పెండ్లాం వరసకు చెల్లెలు. నీకు ఇద్దరు చెల్లెళ్లు. ఒకదాని గడప తొక్కనన్నావు, ఇంకోదాని గడియ తీయలేదు. ఇక నాకు రక్తసంబంధం పాఠం చెప్పకు.

ఇది కూడా అరుగు మీద చదువు. అక్షరం పోకుండా.

సరళ


కణేకల్,
11 జులై 2002

కౌన్సెలర్ మేడమ్ గారికి,

తమరి ఉత్తరం అందింది. పోస్టుమాన్ అంజినప్ప దాన్ని అరుగు మీదే, అందరి ఎదుట నా చేతికిచ్చాడు.

అడిగినదానికి జవాబు చెప్పనన్నారు. అడగనిదానికి చెప్పేశారు. పీర్ల పండగ మరునాడు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. అత్త, మీ వదిన, రేణుక ముగ్గురూ పీర్ల చావిడి దగ్గర ఉన్నారు. తిప్పేష్ గడియ పెట్టి బండి తోలుకుని పోయాడు. అరుగు మీద నేనున్న సంగతి వాడు పట్టించుకోలేదు. లోపల ఆమె, బయట నేను. లోపలి నుంచి ఏమని పిలిచిందో తిప్పేష్‌కు కూడా తెలియదు. నేను మీకు చెప్పలేదు. మరి ఎవరు చెప్పారు?

ఉందని రాయను, లేదని రాయను అని గొప్పగా రాశారు. మూడోవారం తిరిగేసరికి నాలుగు వాక్యాల్లో 'ఉంది' అని రాసి, సంతకం పెట్టి, పోస్టు చేశారు. ఈ మాత్రం దానికి రెండేళ్ల చదువెందుకు? మా అత్తను కూర్చోబెట్టినా చేస్తుంది ఆ ఉద్యోగం.

ఇప్పుడు ఆ ఉత్తరం నా జేబులో ఉంది. తిప్పేష్‌కు చదువు రాదు, నేను చదివితేనే వాడికి ఉత్తరం. చేనికి పోయినవాడు ఆదివారం వస్తాడు.

రేణుకకు తొమ్మిది రోజులుగా జ్వరం. టైఫాయిడ్ కావచ్చు, బళ్లారికి తీసుకుపొమ్మన్నారు. మగతలో అమ్మను పిలుస్తోంది. చౌడేశ్వరికి ఈ మాట చెప్పు. వచ్చి ఒక్కరోజు బిడ్డ పక్కన కూర్చోమను. రాకపోతే నా జేబులోని కాగితం ఎప్పుడు బయటికి వస్తుందో నేను మాట ఇవ్వలేను.

ఓబులేష్


కళ్యాణదుర్గం,
15 జులై 2002

అన్నా,

ఓడిపోయాను. ఆ నాలుగు వాక్యాలు నేను రాయకుండా ఉండాల్సింది. ఒక మనిషి నన్ను నమ్మి చెప్పిన మాటను తీసుకుని నిన్ను కొట్టడానికి రాయిలా విసిరాను. కోపం నాది, మాట ఆమెది. తప్పు పూర్తిగా నాదే. ఆ ఉత్తరం చింపెయ్. నీకు దండం పెడతాను.

కానీ జ్వరం సంగతి నేను నమ్మను. ఒకే ఉత్తరంలో బెదిరింపు, బిడ్డకు జ్వరం రెండూ ఉంటే ఏది ముందు పుట్టిందో నాకు తెలుసు. ఈ రెండేళ్లలో ఇటువంటి జ్వరాలు చాలా చూశాను. పోయిన ఏడు ఒకామెకు కొడుకును పాము కరిచిందని కబురు వచ్చింది. పరుగెత్తుకుని పోయింది. వాకిట్లో కొడుకు గోలీలు ఆడుకుంటున్నాడు. ఆమె వెనక తలుపు పడింది. మళ్లీ మాకు ఆమె కబురు తెలియలేదు. ఏ ఊరు, ఎవరు అని అడగకు, ఇప్పటికైనా నేర్చుకున్నాను.

కాబట్టి నువ్వు పంపిన కబురు నా దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడున్నవాళ్లకైనా సరే, నా నోటి మీదుగా చేరదు. తిట్టుకో.

సరళ


కణేకల్,
29 జులై 2002

సరళా,

ఇందులో ఒక చీటీ పెట్టాను చూడు. బళ్లారి ఆసుపత్రిది. చేర్చిన తేదీ 12 జులై, పంపించిన తేదీ 24 జులై. రోగి పేరు, వయసు, జబ్బు అన్నీ ఉన్నాయి. చదువుకున్నదానివి, చదువుకో.

ఐదో రోజున బిడ్డ దక్కదన్నారు. దక్కింది. తలనిండా పుండ్లు పడ్డాయని జుట్టు తీసేశారు. ఆ జడ కోసం ఏడుస్తుందనుకున్నాం, ఏడవలేదు. "మా యమ్మకు జెప్పినారా మామా?" అని అడిగింది. చెప్పాం, వస్తుంది అన్నాను. పన్నెండు రోజులు ఆ మాటే అన్నాను. నిన్ను నమ్మి అన్నాను. నా చేత పసిబిడ్డకు అబద్ధం చెప్పించావు. నేను బెదిరించిన మాట నిజమే. బెదిరించినవాడి బిడ్డలకు జ్వరం రాదని ఏ పుస్తకంలో రాశారు?

ఇంకొక సంగతి. మూడు వారాలైనా తిప్పేష్ మీ గేటు దగ్గరికి ఎందుకు రాలేదో ఆలోచించావా? లేదు. అన్న అంటే ఏమిటో నీ మనసులో ముందే తీర్పు రాసి పెట్టుకున్నావు.

ఆ రోజు నీ ఉత్తరం విప్పాను. అందరూ కూర్చున్నారు. బామ్మర్ది బంగారం అన్న చోటు దాకా గడగడా చదివాను. 'పీర్ల పండగ మరునాడు' అనేసరికి నా కళ్లు ముందుకు పరుగెత్తాయి, నోరు ఆగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టయింది. "ఏమప్పా, నిలిపేసినావు? సదువు" అంది అత్త. నాలుగు వాక్యాలు దాటేసి, 'బామ్మర్ది పెండ్లాం వరసకు చెల్లెలు' దగ్గర అందుకున్నాను. గడియ మాట కూడా మింగాను. ఇరవై ఏళ్లుగా ఈ వీధి ఉత్తరాలు చదువుతున్నాను. చావు కబుర్లు చదివాను, నన్నే తిట్టిన ఉత్తరాలు చదివాను. ఒక్క అక్షరం మింగలేదు. ఆ రోజు మింగాను.

నన్ను మంచివాణ్ణి చేయకు. ఆమెను కాపాడాలని కాదు. నేను లేచి బజారుకు పోయిన సంగతి మీ వదిన చెవిన పడకూడదని. ఆ పిలుపు నాకు వినపడింది. మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకని లేచాను. బజారులో టీ తాగాను. ఆ టీ రుచి కూడా గుర్తుంది. నా సిగ్గు నీ తప్పును కాపాడింది, అంతే.

ఈసారి నుంచి బడి చిరునామాకు రాయి.

ఓబులేష్


కళ్యాణదుర్గం,
7 ఆగస్టు 2002, సాయంత్రం

అన్నా,

చీటీ అందిన రోజున ఎలిజబెత్ అక్క దగ్గరికి పోయాను. ఈ ఇంటికి పెద్ద ఆమె. మూడు సంగతులు చెప్పాను. చౌడేశ్వరి వచ్చిన రోజున, తెలిసిన మనిషా అని అక్క అడిగితే కాదన్నాను. తెలిసిన మనిషి అయితే వేరేవాళ్లకు అప్పగించాలి, నువ్వు ఎత్తిపొడిచిన పరీక్ష కాగితం పద్ధతి మాకూ ఉంది. నేను వదల్లేదు. ఆ ఇంటి సంగతి నాకంటే ఎవరికి తెలుసని పొగరు. రెండోది ఆ నాలుగు వాక్యాలు. మూడోది జ్వరం. అక్క అంతా విని, "నాకెందుకు చెప్తాండావు? మొదుట ఆయమ్మకు చెప్పు పో" అంది.

ఆరు రోజులు చెప్పలేకపోయాను. ఈ పొద్దున చెప్పాను. చీటీ చూపించాను. ఆమెకు చదువు రాదు, జుట్టు తీసేశారని కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె అన్న మాటలు ఇవి. ఒక్క అక్షరం మింగకుండా రాస్తున్నాను.

"నా బిడ్డకు జరమొస్తే నాకు జెప్పేదానికి నీకేం నొప్పి? పోయేదా వద్దా అని నేను జూసుకోనా? పోతే సస్తానో బతుకుతానో, అది నా సావు. ఆయప్ప గడియ పెట్టినాడు. నువ్వు అన్నం పెట్టి, మంచి మాట జెప్పి, గడియ పెట్టినావు. ఇద్దురూ నా మంచికే అంటిరి."

తర్వాత చీరలు మూట కట్టుకుంది. ఆపడానికి నాకు హక్కు లేదు, మా గేటుకు బయటి వైపు గడియ ఉండదు. గేటు దగ్గర నిలబడి ఒక్క మాట అడిగింది. "ఆ నాలుగు మాటలు సారు సదివినాడా?" లేదన్నాను. ఎందుకు చదవలేదో అడగలేదు. రాయదుర్గం బస్సెక్కిందని మా గేటు మనిషి కుళ్ళాయప్ప చెప్పాడు. రాయదుర్గం తర్వాత కణేకల్లే.

ఇదంతా నీకు రాయడం కూడా తప్పే. ప్రాణం మీదికి వస్తుందనుకుంటే చెప్పవచ్చని మా పుస్తకంలో ఒక సందు ఉంది. ఆ సందులోంచి రాస్తున్నాను. మీ బడికి ఫోను లేదు. నేనే వస్తే, నన్ను బస్టాండులో చూసిన మరుక్షణం ఊరంతా తెలుస్తుంది, తిప్పేష్‌కు ముందు తెలుస్తుంది. ఈ ఉత్తరం చేరేలోపు జరగాల్సింది జరిగిపోయి ఉంటుందని కూడా తెలుసు. అయినా రాస్తున్నాను.

ఆమె నీ కంట పడితే, ఈసారన్నా బజారుకు పోవద్దు.

సరళ


కళ్యాణదుర్గం,
26 ఆగస్టు 2002

అన్నా,

పందొమ్మిది రోజులైంది. నువ్వు రాయలేదు.

ఎలిజబెత్ అక్క నన్ను మనుషులతో మాట్లాడే పని నుంచి తప్పించింది. ఆరు నెలలు కుట్టు మిషన్ల గదిలో ఉండమంది. కోపంగా చెప్పలేదు, అందుకే ఎక్కువ తగిలింది. గుండీలు కుట్టడం నేర్చుకుంటున్నాను. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుని ఏడిస్తే దారం అందిస్తున్నాను, అంతే.

ఆమె ఫైలు ఇంకా తెరిచే ఉంది. పోలీసులకు చెబుదామా అని అక్కను అడిగాను. "ఆయమ్మ మనల్ని అడిగిందా?" అంది. అడగలేదు. ఎదిగిన మనిషి, తన కాళ్ల మీద నడిచి పోయింది. అయినా రోజూ పేపరులో జిల్లా పేజీ తెరిచి బావుల వార్తలు, రైలు పట్టాల వార్తలు వెతుకుతున్నాను. నువ్వు నన్ను ఏమన్నా అను. జన్మంతా నా గడప తొక్కకు. రేణుక దగ్గరికి తల్లి చేరిందా? తిప్పేష్ చూశాడా? ప్రాణంతో ఉందా, లేదా? ఒక్క మాట రాయి.

సరళ


కణేకల్,
3 సెప్టెంబర్ 2002

చెల్లెలికి,

నా బడికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరు వెళ్లిపోయారో నీకైనా సరే చెప్పను.

ఎవరో ఒకరు నా చేత పిల్లల పలకల మీద చేయి వేయించి ఒట్టు పెట్టించుకున్నారు అనుకో. ఎవరికీ చెప్పొద్దని, ముఖ్యంగా ఆ కౌన్సెలరమ్మకు చెప్పొద్దని. అనుకో అన్నాను, జరిగిందని రాయలేదు. నీ దగ్గరే నేర్చుకున్నాను ఈ విద్య.

నా సంగతి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి చెబుతాను. ఆగస్టు ఏడో తేదీ బుధవారం, మూడున్నరకు తిప్పేష్ బడికి వచ్చాడు. "పాప యాడ?" అన్నాడు. తెలియదన్నాను. "నీ బళ్లో ఉండే పాప నీకు తెల్దా?" అన్నాడు. తెలియదన్నాను. పిల్లలందరి ఎదుట చొక్కా పట్టుకుని నల్లబల్లకు ఆనించాడు. రెండు గుండీలు తెగాయి. మూడోసారి కూడా తెలియదన్నాను. వెనక వరుసలో పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. రోజూ నిజం చెప్పమని బెత్తంతో కొట్టేవాణ్ణి కదా.

ఆ రాత్రి మీ వదిన పుట్టింటికి పోయింది. పుట్టిల్లంటే రెండు వీధుల అవతల, అయినా పోయింది. నేను వంట చేసుకుంటున్నాను. సంగటి ముద్ద కట్టడం లేదు. పోయే ముందు ఆమెకు ఆ నాలుగు వాక్యాలు నేనే చదివి వినిపించాను. ముఖం తిప్పుకుని విన్నది. "ఇన్నాళ్లూ మింగి పెట్టుకుంటివా?" అంది. దానికోసం పోయిందో, తమ్ముడి కోసం పోయిందో నాకు తెలియదు. అత్త మా అరుగు ఎక్కడం మానేసింది. ఇప్పుడు వీధి ఉత్తరాలు కాలేజీకి పోయే ఎర్రప్ప కూతురు చదువుతోంది. బాగానే చదువుతుందట.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. పన్నెండు రోజులు ఆ బిడ్డ మంచం పక్కన కూర్చున్నది నేను. నీ గడప తొక్కనన్న ఒట్టు అలాగే ఉంది. నువ్వు గుండీలు కుట్టడం నేర్చుకుంటున్నావని రాశావు, నా చొక్కా పార్సిల్ చేయాలని ఒక నిమిషం అనిపించింది. చేయను.

బజారుకు పోవద్దన్నావు. పోలేదు.

బడిలో తనిఖీ జరిగితే ఒక్క సమస్య మాత్రం ఉంది. పిల్లలు వేరే ఊరి బడిలో చేరడానికి ఇచ్చే టీసీల పుస్తకంలో ఒక కాగితం తక్కువైంది. మన దగ్గర మిగిలే సగంలో, ఏ ఊరికి పోతున్నారో రాసే చోట సిరా ఒలికింది. ఎంత వెలుగుకు పట్టుకుని చూసినా ఊరి పేరు కనపడదు. ఇరవై ఏళ్ల సర్వీసులో నా సిరా ఎప్పుడూ ఒలకలేదు.

ఓబులేష్